బాలింతబుట్ట

పురుటియింటికి వట్టిచేతులతో పోరాదను మర్యాద మనలో మిక్కిలి ప్రాచీనమైనది. ఆ మర్యాదను పాటించి మనము కొనిపోవు చొక్కాలు, గిలక్కాయలు, వెండి మొలత్రాళ్ళు, దోమతెరలు అన్నియు బిడ్డకొఱకే గాని, ఆ బిడ్డను కని, ఒడలు హూనమై, రేయింబవళ్ళు పాలిచ్చుచు గోడకు చేరగిలబడి కూర్చుండిన తల్లికి ఏమి కావలయునో విచారించి కొనిపోవువారు అరుదు. ఈ విషయమును గూర్చియే ఆమడగూరులో ఇరువురు స్త్రీల నడుమ జరిగిన వాదమును నేను విని, వ్యర్థముగా పోనీయరాదని తలంచి, ఇచ్చట పొందుపఱచుచున్నాను. వారి మాటలను కొంత గ్రంథభాషలోనికి మార్చితిని గాని వారి పక్షములను మార్చలేదు.

ఆమడగూరు చౌడేశ్వరీదేవి వెలసిన ఊరు. అనంతపురము జిల్లాలో నుండి 2022 ఏప్రిలులో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మండలము వానకు మొగము వాచిన మెట్టనేల. వేరుసెనగ పండిన యేట ఊరంతయు చేలలో నుండును. పండని యేట సగమూరు బెంగుళూరులో నుండును. వాదించినవారిలో పెద్దావిడ ఈ ప్రాంతముననే చిరకాలము ఏఎన్‌ఎంగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నది. ఇప్పటికిని పల్లెలలో నర్సమ్మ యనిన ఆమెయే. రెండవది ఆమె చెల్లెలి కూతురు, అంగన్‌వాడీ టీచరు. తన కేంద్రము పరిధిలో కాన్పు కాబోవు ప్రతి స్త్రీకిని పాలిచ్చు కాలమునకు వలయు వస్తువులను ఒక చేతిబుట్టలో అమర్చి యీయవలెనని ఆ చిన్నదాని సంకల్పము. పెద్దమ్మకు అది రుచింపలేదు.

పెద్దమ్మ: ఏమే తల్లీ, మేదరులచేత బుట్టలు అల్లించుచున్నావట! పాలిచ్చుటకు పరికరము లేల? పాలను, వాటి నుంచు పాత్రను, వేడి ఆరనీయని కప్పును దేవుడు ఒక్కచోటనే అమర్చి పంపినాడు. మీ అవ్వ అంతమందిని కని పెంచినది. ఏ బుట్టనైన ఎఱుగునా? ఆమెకు ఉన్నది బుట్ట కాదు, మనిషి. పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డ మంచము దిగనక్కఱ లేకుండ వేన్నీళ్ళు కాచుట కొకరు, బిడ్డను కాళ్ళపై పరుండబెట్టుకొని నీళ్ళు పోయుట కొకరు, సాంబ్రాణి వేయుట కొకరు, కాయమును, వెల్లుల్లి కారము కలిపిన అన్నమును వేళకు పెట్టుట కొకరు, ఇందరు చుట్టును తిరుగుచుండగా ఆమె చేయవలసిన పని యొక్కటే, బిడ్డను ఒడిలో నుంచుకొనుట. మీరిప్పుడు మనిషిని తీసివేసి ఆ స్థానమున వస్తువును పెట్టుచున్నారు.

కూతురు: మనిషిని నేను తీసివేయలేదు పెద్దమ్మా, కఱవు తీసివేసినది. మొన్న పడమటివీధిలో ఒక బాలింతను చూడబోతిని. ఆమె తల్లి చెనక్కాయలు పెరుకుటకు కూలికి పోయినది. తండ్రియు అన్నయు బెంగుళూరులో కట్టడపు పనిలో నున్నారు. ఇంటిలో ఆ పిల్ల, పదునైదు దినముల పసికందు తప్ప మఱి పురుగైనను లేదు. బిడ్డ రొమ్ము పట్టుకొన్నది. పాలు దిగుచున్న కొలది తల్లికి గొంతు ఎండసాగినది. నీళ్ళకడవ వసారాలో, ఆమె లోపలి గదిలో. లేచెనా, బిడ్డ నోరు విడిచి ఏడ్చును, లేవకుండెనా, దాహము. లేవకయే కూర్చుండినది. పసిబిడ్డ దినమునకు ఎనిమిది మొదలు పండ్రెండు మారులు పాలు త్రాగును గదా! పండ్రెండు మారులును ఆ నీళ్ళకడవను చూచుచు ఆమె కూర్చుండవలసినదేనా? నీవు చెప్పిన ఆ నలుగురు మనుష్యులు చేసిన పని యేమి? ఆమెకు కావలసినది ఆమె చేతికి అందునట్లు చేయుట. నా బుట్ట చేయగోరునదియు అంతే.

పెద్దమ్మ: దాహమునకు చెంబెడు నీళ్ళు ప్రక్కన పెట్టుకొమ్మని చెప్పిన చాలదా? దానికి బుట్టయు, పేరును, పథకమును ఏల?

కూతురు: నీళ్ళు పెట్టుకొనుట ఆమె వశములో నున్నదనుకొనుచున్నావా? బాలింత విరివిగా నీళ్ళు త్రాగినచో బిడ్డకు జలుబు చేయుననియు, పొట్ట జాఱుననియు మన యిండ్లలో ఇప్పటికిని కొలిచి కొలిచి పోయుదురు. పప్పు తినిన చీము పట్టునందురు, పండు తినిన బిడ్డకు పడదందురు. పత్యము పేరిట కారపు మెతుకులు మాత్రము మిగులును. పాలిచ్చు తల్లికి మొదటి ఆఱు మాసములు మామూలు కంటె దినమునకు 600 కెలోరీల ఆహారము ఎక్కువ కావలెనని ఐసీఎంఆర్ వారు నిర్ణయించిరి. మన యింటి ఆచారము ఉన్నదానిలో నుండియే తగ్గించుచున్నది. పందొమ్మిదేండ్ల కోడలు అత్తగారి నడిగి గ్లాసెడు నీళ్ళు అదనముగా త్రాగగలదా? అదే అంగన్‌వాడీవారు ఇచ్చిన బుట్టలో లీటరు సీసా యుండి, దీనిని ప్రతిదినము నింపి త్రాగవలెనని టీచరే వచ్చి అందఱి యెదుట చెప్పిపోయినచో, ఆ పిల్ల ఎవ్వరిని అడుగనక్కఱ లేదు. అడుగవలసిన అవసరము లేకుండ చేయుట యెంత గొప్ప ఉపకారమో, జీవితమంతయు అడిగి త్రాగినవారికి తెలియును.

ఈ మాటకు పెద్దమ్మ వెంటనే బదులు చెప్పలేదు. నాకును ఈ వాదమంతటిలో బలమైన మాట ఇదియే యని తోచినది.

పెద్దమ్మ: నీళ్ళసీసా వఱకు ఒప్పుకొందును. కాని నా భయము వేఱు. మంచి యుద్దేశముతో మొదలిడిన దానముల వెంట ఏమేమి యింటిలోనికి వచ్చునో నేను చూచితిని. నేను ఉద్యోగమున చేరిన కాలమున పట్టణములో కాన్పయిన సంపన్నుల యిండ్లలో బొద్దుపిల్లవాని బొమ్మ వేసిన డబ్బాపాలు ఒక హోదాగా ఉండెడివి. వారిని చూచి పేదలు కొనిరి. కొనిన డబ్బా నెలకు చాలవలెనని నీళ్ళెక్కువ, పొడి తక్కువ కలిపిరి. ఆ నీళ్ళు కాచినవి కావు, ఆ సీసా కడిగినది కాదు. బిడ్డ ముందు విరేచనములు, తరువాత ఎండిపోవుట. మొదటి వారము డబ్బా పట్టినచో బిడ్డ రొమ్ము చీకదు. చీకకున్న పాలు ఊరవు. ఊరకున్న మరల డబ్బాయే శరణము. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఈ వ్యాపారమును హత్యతో సమానముగా చెప్పి నిలదీసినదని మాకు శిక్షణలో చెప్పిరి. ప్రపంచమునకు అది తలకెక్కి, అమ్మకములకు కట్టుబాట్లతో ప్రపంచ ఆరోగ్యసభ ఒక నియమావళిని ఆమోదించుసరికి 1981 వచ్చినది. నేడు నీ బుట్ట. రేపు దానికి పైకమిచ్చెద నని ఒక కంపెనీ వచ్చును. ఎల్లుండి బుట్టమీద వాని పేరు, బుట్టలో వాని సీసా.

కూతురు: ఆ ద్వారమును చట్టమే మూసినది పెద్దమ్మా. 1992 నాటి శిశుపాల ప్రత్యామ్నాయముల చట్టము ప్రకారము డబ్బాపాలను గాని పాలసీసాలను గాని అనాథాశ్రమములకు తప్ప ఎవ్వరును ఎవ్వరికిని దానము చేయరాదు. తల్లులకు నమూనాలు పంచరాదు. డబ్బామీద పసిబిడ్డ బొమ్మ వేయరాదు. నా బుట్టలో పాలసీసా పెట్టినచో నేనే నేరము చేసినదాన నగుదును. ఇక పైకము సంగతి. ఏ కంపెనీ రూకయు తీసికొనను. మహిళా సంఘమువారు కొంత యిచ్చెదమనిరి, మేదరులు బుట్టకు కూలి మాత్రము తీసికొందు మనిరి. ఇట్టి కానుకలు లోకమునకు క్రొత్తవి కావు. ఫిన్లాండు దేశమువారు 1938లో పేదతల్లుల కొఱకు ఒక పెట్టెను ఏర్పఱచిరి. బిడ్డ బట్టలు, పక్కగుడ్డలు నింపిన ఆ అట్టపెట్టెయే తొట్టిలుగా పనికివచ్చును. 1949 నుండి అందఱు తల్లులకును ఇచ్చిరి, నాలుగవ మాసము దాటక మునుపే వైద్యపరీక్షకు రావలెనను షరతుతో. కాలక్రమమున అందులో నుండి వారు తీసివేసిన వస్తు వేదియో తెలియునా? పాలసీసా. తల్లిపాలు పెరుగవలెనని తీసివేసిరి.

పెద్దమ్మ: అది మెచ్చదగిన పని. అయిన మనవద్దను కిట్టులకు కొదువ లేదు గదా! 2016లో మన ప్రభుత్వము బేబీకిట్టు ఇచ్చినది. మరుసటి యేడు తెలంగాణమువారు పదునాఱు వస్తువులతో కేసీఆర్ కిట్టు మొదలిడి, దానితోపాటు పండ్రెండు వేలు, ఆడుబిడ్డ యైనచో పదుమూడు వేలు ఇచ్చిరి. ఆ డబ్బు ఎందఱినో సర్కారు ఆసుపత్రికి రప్పించినది, నేను కాదనను. అవి ఉండగా నీ బుట్ట యేల?

కూతురు: వాటిని తెఱచి చూడుము. దోమతెర గల చిన్నపరుపు, సబ్బు, నూనె, తువ్వాలు, పౌడరు, బొమ్మ. తెలంగాణములో తల్లికి చీరెలు పెట్టిరి, మంచిదే. కాని ఆ వస్తువులలో పాలిచ్చుచున్న అరగంటలో తల్లికి పనికివచ్చున దేది? బిడ్డకు పౌడరు లేకున్నను నష్టము లేదు. తల్లి అరగంట నెమ్మదిగా కూర్చుండలేకున్న నష్టమున్నది. తల్లి భయములోను చికాకులోను ఉన్నచో పాలు చేపునకు రావని నీవే గదా మాకు చెప్పితివి!

పెద్దమ్మ: చెప్పితిని. సరే, నీ బుట్ట యేదో తెఱువుము చూతము.

చిన్నది మాదిరికై కట్టిన బుట్ట నొకదానిని తెచ్చి మంచముమీద పెట్టినది. జానెడు లోతు, అడ్డముగా పట్టుకొన వంపైన పిడి, అడుగున మందమైన గుడ్డ. గదిలో నుండి వసారాకు, వసారా నుండి వేపచెట్టు నీడకు, ఒక చంకన బిడ్డ నుండగా రెండవ చేత ఎత్తుకొని పోగల బరువు మాత్రమే ఉండవలెనని ఆమె పట్టుదల. కావుననే పెక్కు వస్తువులను పెట్టి తీసివేసినదట. నీళ్ళసీసాకు ప్రక్కన మెత్తని పాతపంచెల నుండి చించి ఉడికించి యెండబెట్టిన గుడ్డలు, ఒక చిన్న స్టీలు గ్లాసు, చేతిలో ఇముడు టార్చి, ఇనుప మాత్రలును కాల్షియము మాత్రలును ఉంచిన సంచి, ఒక పలుచని నూలు తువ్వాలు, ఒక చిన్నదిండు. వీటిపైన కాగితములో చుట్టిన చెనక్కాయల బెల్లపు ఉండలు. పెద్దమ్మ మొట్టమొదట ఆ కాగితపు పొట్లమునే బయటికి తీసినది.

పెద్దమ్మ: నీవు పిల్లలను కనలేదని దీనితో తెలిసినది. బెల్లము కాగితములో పెట్టి, దానిని పసికందు ప్రక్కన పెట్టుదువా? అర్ధరాత్రి చీమలు బుట్టెక్కి, బుట్ట నుండి పక్కయెక్కి బిడ్డ చెవులు పట్టును. బిగుతు మూత గల స్టీలు డబ్బాలో పెట్టవలెను. ఉండలు మంచివే, మన చేలలో పండినవి, ఒక చేత్తో తినవచ్చును, పొయ్యి వెలిగింపనక్కఱ లేదు. ఈ దిండు ఏల?

కూతురు: కదిరిలోనో హిందూపురములోనో కోత కాన్పు చేయించుకొని వచ్చువారు ఇప్పుడు ఎక్కువైరి గదా! బిడ్డను ఒడిలో పెట్టుకొనగానే బరువు కుట్లమీద పడును. అందుచేత మొదటి దినముననే పాలు మానుకొనువారు ఉన్నారు.

పెద్దమ్మ: అట్లయిన దిండు ఇయ్యగానే సరిపోదు, పట్టు నేర్పవలెను. దిండు ప్రక్కన పెట్టి, బిడ్డను చంకక్రిందుగా తెచ్చి, కాళ్ళు తల్లి వీపువైపునకు పోవునట్లు పరుండబెట్టి, తలను అరచేత నిలిపినచో కడుపునకు తగులనే తగులదు. ఇది కాగితముపై వ్రాసి ఇచ్చిన రాదు. ఈ తువ్వాలు సంగతి యేమి? పైటకొంగు ఉండగా వేఱుగా పరదా కావలెనా?

కూతురు: ఇప్పటి బాలింతలకు కొంగు ఎక్కడిది పెద్దమ్మా? నైటీలే గదా! ఆసుపత్రి వరండాలో, బస్‌స్టాండులో నలుగురి నడుమ కూర్చుండి పాలీయవలసివచ్చినప్పుడు సిగ్గుచేత బిడ్డ యేడ్పును ఓర్చుకొందురు గాని రొమ్ము ఈయరు.

పెద్దమ్మ: అగుగాక. టార్చి మంచిది, రాత్రి పాలు మానరాదు, రాత్రి చీకిన చీకుడే మరునాటికి పాలు పెంచును. మందులసంచి మంచిది, నూట ఎనుబది దినములు మ్రింగవలసిన ఇనుపమాత్రలు అటకమీద ఎన్ని యిండ్లలో చూడలేదు నేను! రొమ్ముమొన పగులుటకు ఏదైన లేపనము పెట్టితివా? పెట్టలేదు గదా, సంతోషము. అది లేపనముతో మానెడిది కాదు. బిడ్డ మొనను మాత్రము పట్టుకొన్నచో పగులును. నోరు ఆవులించినంత పెద్దదిగా తెఱచునట్టు చేసి, గడ్డము రొమ్మునకు ఆనునట్టు, నల్లని వలయములో క్రిందిభాగము ఎక్కువగా నోటిలోనికి పోవునట్టు పట్టించినచో నొప్పి రెండు దినములలో తగ్గును. చివరి చుక్కలనే మొనకు పూసి గాలికి ఆరనిచ్చిన చాలును. చూచితివా, నీ బుట్టలోని వస్తు వొక్కొక్కటి ఒక మనిషి చేతిని కోరుచున్నది.

కూతురు: ఇక నీకు కోపము వచ్చు వస్తు వొకటి ఉన్నది, బుట్టలో పెట్టలేదు, కేంద్రములో ఉంచదలచితిని. పాలు పిండు పంపు.

పెద్దమ్మ: వద్దు.

కూతురు: కారణము వినకయే వద్దందువా? హిందూపురము కుట్టుఫ్యాక్టరీలకు పోవు పిల్లలు మూడవ మాసముననే మిషను ముందు కూర్చుండుచున్నారు. ఇరువదియాఱు వారముల సెలవు చట్టములో నున్నది. 1961 నాటి ప్రసూతి చట్టమే బిడ్డకు పదునైదు మాసములు నిండువఱకు దినమునకు రెండుమారులు పాలిచ్చుటకు విరామ మీయవలెనన్నది. ఏబదిమంది ఉన్నచోట శిశుగృహ ముండవలెనని 2017లో చేర్చిరి. కాని బిడ్డ ఇచ్చట, ఫ్యాక్టరీ అచ్చట. విరామ మిచ్చినను పాలు ఎవరికి త్రాగించును? ధర్మవరములో మగ్గము ఇంటిలోనే ఉండును గనుక నేతపనిలో నున్న తల్లి మధ్యమధ్య లేచి బిడ్డ నెత్తుకొనవచ్చును. ఉపాధిపనికి పోవు తల్లుల కొఱకు 2005 చట్టములో, ఆఱేండ్లలోపు పిల్లలు అయిదుగురున్నచో వారిని చూచుట కొక స్త్రీని నియమింపవలెనని వ్రాసిరి. ఈ ఫ్యాక్టరీ పిల్లకు ఏ దారియు లేదు, పిండి దాచిపెట్టుట తప్ప.

పెద్దమ్మ: పిండి దాచుట నేను వద్దనలేదు, పంపు వద్దంటిని. ఆ పంపునకు గొట్టములు, మూతలు, మడతలు ఎన్ని! ప్రతిమారు విప్పి కడిగి మరగించవలెను. ఆ పిల్ల తెల్లవారుజామున బస్సు పట్టుకొనునా, గొట్టములు మరగించునా? ఒక మడతలో నిన్నటి పాలు నిలిచినచో నీ పంపు పాలసీసా చేసిన పనినే చేయును. దేవుడిచ్చిన చేయి ఉన్నది. వేన్నీళ్ళగుడ్డ కాసేపు వేసి, బొటనవ్రేలు పైన, చూపుడువ్రేలు క్రింద, నల్లని వలయపు అంచున ఉంచి, ముందు ఎదవైపునకు వెనుకకు నొక్కి, తరువాత రెండు వ్రేళ్ళను దగ్గఱకు అదిమి విడువవలెను. చర్మము మీద జాఱ్చరాదు. మొదట చుక్కలు, ఓపిక పట్టిన పిమ్మట ధార. వ్రేళ్ళను చుట్టును జరుపుచు అన్ని వైపులను పిండవలెను. చేతులు కడుగుట ఒక్కటే ఖర్చు. మూతగిన్నెలో పోసి చల్లనిచోట పెట్టి నాలుగు గంటలలోపల బిడ్డకు పట్టినచో చాలును. మన యెండలలో అంతకు మించి ఉంచరాదు.

కూతురు: చేతితో పిండుట అందఱికిని అబ్బదు పెద్దమ్మా. నలుగురి నడుమ రెండు నిముషములు దొరికిన పిల్లకు ఓపిక పట్టుమని చెప్పుట తేలిక. కేంద్రములో ఒకటి ఉంచెదను, మరగించుటయు నేనే చేసెదను. అడిగినవారికి మాత్రమే ఇచ్చెదను.

పెద్దమ్మ: ఇమ్ము. నేను మాత్రము ఎవ్వరికిని చెప్పను.

పంపు విషయమున వారిరువురును చివరివఱకు ఏకీభవింపలేదు. నా మనస్సు ఇందులో పెద్దమ్మవైపే మొగ్గుచున్నది. అయినను ఫ్యాక్టరీ బస్సు కొఱకు చీకటితో లేచు పిల్ల యెదుట నిలిచి ఆ మాట చెప్పుటకు నాకు నోరు రాదు. పిండిన పాలను బిడ్డకు పట్టుటకు బుట్టలోని స్టీలు గ్లాసు చాలునని చిన్నది అనగా పెద్దమ్మ లేచి లోపలికి పోయి, గూటిలో నుండి ఒక ఉగ్గుగిన్నెను తెచ్చినది. ముక్కు వంపు తిరిగి, వాడి వాడి అంచు నునుపెక్కిన చిన్న యిత్తడి గిన్నె.

పెద్దమ్మ: పాలసీసాను చూడకమునుపు మనవారు దీనితోనే పెంచిరి. పెద్ద ఆసుపత్రులలో నెల తక్కువ పిల్లలకు ఇప్పుడును గిన్నెతోనే పట్టుచున్నారు. బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టి, అంచును క్రింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకునంత వంచి ఆగవలెను. పిల్లిపిల్ల వలె నాలుక చాచి తానే అందుకొనును. నోటిలో పోయరాదు, పోసిన పొలమాఱును. సీసాకు వలె ఇందులో మూలలు లేవు, తిత్తి లేదు, మరగించిన శుభ్రమగును. మీ కాలమునకు ఇత్తడి వలదు, స్టీలుది చేయింతము. ఇది నీ బుట్టలో పెట్టుము, నేను వ్యతిరేకింపను.

కూతురు: చూచితివా, పాతదానిలో మంచి యున్నచో నేను వలదనలేదు. కాని పాతదంతయు మంచి కాదు గదా! ముర్రుపాలు పిండి పాఱబోసినదియు ఆ పాతకాలమే. మూడు దినములు చక్కెరనీళ్ళు, తేనె, ఆముదము నాకించినదియు ఆ పాతకాలమే.

పెద్దమ్మ: ఆ మాట నాకు చెప్పుచున్నావా? నా ఉద్యోగమంతయు దానితోనే పోరాడితిని. పసుపుపచ్చగా చిక్కగా ఉన్నదని, చీమని, విషమని పిండి పోయించు ముసలమ్మల కాళ్ళకడ్డముగా గుమ్మములో కూర్చుంటిని. ఒకయింట నన్ను తిట్టి పంపిరి; మరునాడు మరల పోతిని. ఆ ముర్రుపాలు బిడ్డ నోటిలో పడినది ఏ బుట్టచేతను కాదు తల్లీ, నేను కదలక కూర్చుండుటచేత. నేడు చూడుము: 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. కాని మొదటి గంటలో తల్లిపాలు పడిన బిడ్డలు నూటికి 41.8 మాత్రమే. మంచము ఉన్నది, దీపము ఉన్నది, డాక్టరు ఉన్నాడు. బిడ్డను ఎత్తి తల్లి యెదపై పెట్టు మనిషి ఆ గంటలో ప్రక్కన లేదు. వస్తువులు చాలినచో ఈ లెక్క ఇట్లుండునా?

కూతురు: ఆ సర్వేలోనే మఱియొక లెక్క యున్నది. ఆఱు మాసముల లోపు బిడ్డలలో తల్లిపాలు తప్ప మఱేమియు ఎఱుగనివారు నూటికి 63.7. మిగిలిన బిడ్డలకు నీళ్ళో, ఆవుపాలో, డబ్బాయో పట్టించిన దెవరు? ఆసుపత్రి కాదు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి వాకిట దింపిపోయిన తరువాత, నీవంటి నర్సమ్మ రెండుమారులు వచ్చి వెళ్ళిన తరువాత, నాలుగవ మాసమున ఒంటరిగా మిగిలిన తల్లి అలసట పట్టించినది. నీవు మొదటి గంటను చూచుచున్నావు, నేను నాలుగవ మాసమును చూచుచున్నాను. నీవు ప్రతి యింటిలోను ఆఱు మాసములు కూర్చుండలేవు పెద్దమ్మా, బుట్ట కూర్చుండగలదు.

పెద్దమ్మ: ఊరక కూర్చుండును. సీసా పగిలినచో, ఉండలు అయిపోయినచో ఎవరు నింపుదురు? ఇచ్చిన నాటి ఫోటో పత్రికలో పడును. రెండవ నెలలో ఆ బుట్టలో ఉల్లిగడ్డలుండును.

కూతురు: అందుచేతనే ఉండలను నెలకు సరిపడ చేయించక వారమునకే చేయించుచున్నాను. వారము వారము డబ్బా తీసికొని కేంద్రమునకు రావలెను, లేదా ఆశా కార్యకర్త పోయి నింపవలెను. నింపుటకు పోయినప్పుడే బిడ్డ బరువు, పాలపట్టు, తల్లి మొగము చూడవచ్చును. ఉండలు ఒక సాకు పెద్దమ్మా. నీవు కోరు మనిషిని ఆ యింటి గుమ్మము దాటించుట కొక సాకు.

పెద్దమ్మ: ఇది ముందే చెప్పియుండిన ఇంతసేపు వాదింపకుందును గదా! సరే, ఎప్పుడు ఇత్తువు? పురుడు వెళ్ళిన పదునొకండవనాడా?

కూతురు: కాదు, తొమ్మిదవ మాసముననే. కేంద్రములో సీమంతము చేయుదుము గదా, గాజులు, పసుపుకుంకుమలతోపాటు అప్పుడే ఒడిలో పెట్టవలెను. ఆసుపత్రికి పోవునప్పుడు వెంట పోవలెను. మొదటి గంట తరువాత ఇచ్చినచో సగము ప్రయోజనము పోవును.

పెద్దమ్మ: అది మాత్రము కూడదు. పుట్టకమునుపే బిడ్డకు సరంజామా కూర్చరాదు. గుడ్డముక్క కూడ కుట్టించరు మన యిండ్లలో. ఇది మూఢత్వ మనుకొనకుము. ఊయల కొనిపెట్టుకొని వట్టిచేతులతో తిరిగి వచ్చిన తల్లులను నేను చూచితిని. పాలు ఇంకుటకు రొమ్ములకు మల్లెపూలు కట్టించుకొని, ఆ బట్టలను, ఆ గిలక్కాయలను చూచుచు వారు పడిన బాధ నీవు చూడలేదు. ఏ అత్తగారును నీ బుట్టను గడప లోపలికి రానీయదు, రానీయకుండుటయే న్యాయము.

చిన్నది చాలసేపు మాటలాడలేదు. తరువాత బుట్టలోని వస్తువుల నొక్కొక్కటిగా మంచముమీద పఱచినది.

కూతురు: ఇందులో బిడ్డది ఏది పెద్దమ్మా? నీళ్ళు తల్లివి. ఉండలు తల్లివి. మాత్రలు తల్లివి. దిండు తల్లి కుట్ల కొఱకు, తువ్వాలు తల్లి మానము కొఱకు, టార్చి తల్లి కన్నుల కొఱకు. గ్లాసుతో నీళ్ళు త్రాగునది తల్లి. గుడ్డలు కాఱిన పాలు తుడుచుకొనుటకు. చొక్కా లేదు, టోపీ లేదు, బొమ్మ లేదు. నిండుచూలాలికి నీళ్ళు, తిండి, దిండు ఇచ్చుటకు ఏ శాస్త్ర మడ్డము వచ్చును?

పెద్దమ్మ వాటిని వరుసగా చూచినది. ఉగ్గుగిన్నె కడ ఆమె చేయి ఆగినది.

పెద్దమ్మ: ఇది బిడ్డది.

కూతురు: అవును. దానిని తీసివేసెదను.

పెద్దమ్మ: తీసి నాకిమ్ము. ఆసుపత్రిలో అక్కఱ పడినచో గ్లాసుతో పట్టుదురు. బిడ్డ భూమిమీద పడి, ఏడ్చి, ఇల్లు చేరిన తరువాత దీనిని నేను తీసికొనిపోయెదను. ఒక్కొక్క యింటికి ఒక్కొక్కటి. ఎట్లు పట్టవలెనో దగ్గఱ కూర్చుండి చూపి, రొమ్ము పట్టు సరిగానున్నదో లేదో చూచి వచ్చెదను. ఎన్ని చేయించవలెనో కాన్పుల పట్టిక చూచి చెప్పుము. మఱి ఆ బెల్లపుండలకు డబ్బాలు రేపే కొనిపెట్టుము, చీమలకాలము వచ్చుచున్నది.